పోయిన కమ్మ, వెతికే యంత్రం

మదనపల్లె చుట్టుపక్కల టమోటా కోతలు మొదలైతే ఆడవాళ్లు తెల్లారకముందే చేనికి పోతారు. తలకు గుడ్డ చుట్టుకుంటారు. వంగి కాయలు కోస్తారు. గంప నిండితే గట్టుకు మోస్తారు. పొద్దెక్కే లోపల బండి మార్కెట్టుకు పోవాలి. ఆ తొందరలో తలగుడ్డ లాగినప్పుడు చెవి కమ్మ ఊడి పడితే ఎవరికి తెలుస్తుంది? ఇంటికొచ్చి మొగం కడుక్కునేటప్పుడు చెయ్యి చెవికి తగులుతుంది. కమ్మ ఉండదు. గుండె జారిపోతుంది.

మళ్లీ చేనికి పరుగెత్తుతారు. చీకటి పడేదాకా వెతుకుతారు. దొరకదు. అప్పుడు ఒక మాట మొదలవుతుంది.

"నీ పక్క సాలు ఎవురు కోసినారు?"

పక్క సాలులో ఉన్నది ఒక కూలీ మనిషి. అందరి కళ్లూ ఆమె మీదికి పోతాయి. నగ ఇంట్లో పోతే కొత్త కోడలి మీదికి పోతాయి. లేకుంటే పనిమనిషి మీదికి. అందరికన్నా పేదది ఎవరో, అందరికన్నా నోరు లేనిది ఎవరో, ఆమే దొంగ అవుతుంది.

తర్వాత అంజనం వేసేవాడి దగ్గరికి పోతారు. తమలపాకు మీద కాటుక పూసి, అందులో దొంగ మొగం కనపడుతుందంటాడు. ఎవరి మీద అనుమానం ఉందో మాటల్లో పెట్టి ముందే మన దగ్గర లాగుతాడు. ఆ పోలికలనే తిప్పి మనకు చెప్తాడు. దానికి డబ్బులు తీసుకుంటాడు. కొన్ని ఊళ్లలో మంత్రించిన బియ్యం నమలమంటారు. నోరు తడి ఆరితే దొంగ అంట! పదిమంది చుట్టూ నిలబడి చూస్తుంటే ఎవరికైనా నోరు ఎండుతుంది. ఇంకొందరు కాణిపాకం పోదాం రమ్మంటారు. వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటారు. నిజం చెప్పే మనిషికి దేవుడి దగ్గర భయం లేదు. కానీ ఏ తప్పూ చేయని మనిషిని ఊరి ముందర ప్రమాణానికి నిలబెట్టడమే పెద్ద శిక్ష. నెల తర్వాత అదే కమ్మ చెట్టు మొదట్లో దొరికితే? అన్న మాటను ఎవరు వెనక్కి తీసుకుంటారు?

అందుకే ముందు వెతకాల్సింది నేలను. మనిషిని కాదు.

నేలను వెతకడానికి ఒక యంత్రం ఉంది. దాని పేరు మెటల్ డిటెక్టరు. మెటల్ అంటే లోహం. ఇనుము, రాగి, వెండి, బంగారం అన్నీ లోహాలే. డిటెక్టరు అంటే కనిపెట్టేది. ఈ యంత్రం మీకు కొత్తది కాదు. తిరుమల కొండకు పోయేటప్పుడు అలిపిరి దగ్గర తనిఖీ చేస్తారు. తలుపు చట్రం లాంటి దాంట్లో నుంచి నడిచి పోతాము. అది కుయ్ కుయ్ మంటుంది. అదీ ఈ జాతిదే. పొలంలో వాడేది మాత్రం పొడుగు కర్రలా ఉంటుంది. కర్ర చివర అన్నం పళ్లెమంత చక్రం ఉంటుంది. పైన చేతి దగ్గర బ్యాటరీ, చిన్న తెర ఉంటాయి.

ఆ చక్రంలో రాగి తీగ చుట్టలు ఉంటాయి. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతూ పారుతుంది. అలా పారినప్పుడు చక్రం చుట్టూ అయస్కాంత బలం పుడుతుంది. ఆ బలం మట్టిలోకి దిగుతుంది. మట్టిలో లోహం ఉంటే దాంట్లో కూడా చిన్న కరెంటు సుడి లేస్తుంది. ఆ సుడి నుంచి మళ్లీ ఒక బలం పైకి వస్తుంది. చక్రం దాన్ని పసిగట్టి కుయ్ మంటుంది. బావిలోకి కేక వేస్తే బావి మారు పలుకుతుంది కదా. అట్లాంటిదే ఇది. మనం కేక వేస్తే బంగారం మారు పలుకుతుంది.

అయితే అయస్కాంతంతోనే వెతకొచ్చు కదా అని కొందరు అడుగుతారు. స్నానాల రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలో లాగుతారు. రూపాయి బిళ్ళలు దానికి అంటుకుని వస్తాయి. ఇప్పటి రూపాయి బిళ్ళలో ఇనుము ఉంది కాబట్టి వస్తుంది. బంగారం అయస్కాంతానికి అంటదు. వెండీ అంటదు. రోజంతా లాగినా తాళిబొట్టు రాదు. మెటల్ డిటెక్టరుకు మాత్రం అన్ని లోహాలూ ఒకటే.

ఈ యంత్రం వెనక ఒక కథ ఉంది. 1881లో అమెరికా దేశ అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒకడు తుపాకీతో కాల్చాడు. గుండు ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్కడ ఉందో డాక్టర్లకు తెలియలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ గుండును వెతకడానికి ఒక యంత్రం చేసి తెచ్చాడు. అది పనిచేసే యంత్రమే. కానీ రోగి పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి. ఒంటి మీద ఎక్కడ పెట్టినా మోత వచ్చింది. గుండు దొరకలేదు. ఆయన చనిపోయాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో భూమిలో పూడ్చిన మందుపాతరలు వెతకడానికి ఇలాంటి యంత్రాలనే సైనికులు చేతపట్టుకుని నడిచారు. ప్రాణాలు కాపాడడానికి పుట్టింది, ఇప్పుడు నగలకూ పనికొస్తోంది.

బెల్ కథలో మనకు పనికొచ్చే సంగతి ఆ పరుపు. పక్కన వేరే లోహం ఉంటే యంత్రం తికమక పడుతుంది. కొడవలి, గడ్డపార దూరంగా పెట్టాలి. కాళ్లకు మెట్టెలు, పట్టీలు ఉన్న ఆడమనిషి యంత్రం పట్టుకుంటే చక్రాన్ని పాదాలకు దూరంగా ఆడించాలి. లేదంటే తన మెట్టెలనే తాను వెతుక్కున్నట్టు అవుతుంది!

ఇక వెతికే పద్ధతి. యంత్రం వచ్చేదాకా చేనిని దున్నకూడదు. దున్నితే నగ లోతుకు పోతుంది. కమ్మంత చిన్న వస్తువు నాలుగైదు అంగుళాల లోతు దాకా తెలుస్తుంది. ఉంగరం, గాజు అయితే జానెడు లోతులో ఉన్నా తెలియొచ్చు. అంతకన్నా లోతు పోతే కష్టం. కమ్మ చివరిసారి ఎప్పుడు చెవికి ఉందో గుర్తు చేసుకోవాలి. సద్ది తిన్నప్పుడు ఉందా? గంప ఎత్తుకున్నప్పుడు ఉందా? ఎన్నో సాలులో తలగుడ్డ సర్దుకున్నారు? అక్కడ నాలుగు పుల్లలు నాటి తాడు కట్టాలి. ఆ మడిలో మొదట వెతకాలి. చక్రాన్ని నేలకు ఆనీ ఆననట్టు పట్టుకుని అటూ ఇటూ నిదానంగా ఊపాలి. కసువు ఊడ్చేటప్పుడు ఒక ఊడుపు మీదికి ఇంకో ఊడుపు వస్తుంది కదా, అట్లా. సందు వదిలితే ఆ సందులోనే కమ్మ ఉంటుంది. సాలుకు పరిచిన ప్లాస్టిక్ పట్ట అడ్డం కాదు. దాని మీద నుంచే వెతకొచ్చు. టమోటా చెట్లకు కట్టిన ఇనుప తీగలు మాత్రం మోత పెడతాయి. మన ఎర్రమట్టిలో ఇనుము పాలు ఉంటుంది. దానికీ కొన్ని యంత్రాలు ఊరికే గునుస్తాయి. అలాంటప్పుడు యంత్రం బలం కాస్త తగ్గించి వెతకాలి.

మంచి యంత్రాలు ఇనుముకు ఒక శబ్దం, మిగతా లోహాలకు ఒక శబ్దం చేస్తాయి. అయినా సన్న బంగారానికీ, మాత్రల అట్ట రేకుకూ దాదాపు ఒకే శబ్దం వస్తుంది. కాబట్టి మోత వచ్చిన ప్రతిచోటా తవ్వి చూడాల్సిందే. పది రేకు ముక్కలు వచ్చిన తర్వాత పదకొండోది కమ్మ కావచ్చు. ఓపిక లేని మనిషికి ఈ పని వద్దు.

పుంగనూరు అంటే పొట్టి ఆవులు గుర్తుకొస్తాయి. ఆవులుంటే పేడ. పేడ ఉంటే దిబ్బ. పల్లెల్లో పోయిన నగలు చేరే చోటు ఈ దిబ్బే. ముక్కుపుడక రాత్రి చాపలో ఊడుతుంది. పొద్దున కసువుతో పాటు గంపలోకి పోతుంది. అక్కడి నుంచి దిబ్బకు, దిబ్బ నుంచి ఎరువుగా చేనికి. స్వీడన్ దేశంలో ఒకామె 1995లో వంటింట్లో ఉంగరం పోగొట్టుకుంది. 2011లో తన తోటలో క్యారెట్ పీకితే ఆ ఉంగరం క్యారెట్‌కు తొడిగినట్టు వచ్చింది. కూరగాయల తొక్కులతో పాటు ఎరువులోకి పోయి ఉంటుందని ఆ ఇంటివాళ్లు అనుకున్నారు. పదహారేళ్లు! ఆ ఉంగరం కోసం మన దగ్గర ఎంతమంది ప్రమాణాలు చేయాల్సి వచ్చేదో.

దిబ్బను వెతకడం చేను కన్నా సులువు. ఒక్కో గంప తీసి పట్ట మీద పలచగా పరచాలి. మీద చక్రం ఆడించాలి. మోత లేకుంటే పక్కన పోసి ఇంకో గంప తీయాలి. గడ్డివామికీ ఇదే పద్ధతి. గడ్డి, పేడ, కట్టె యంత్రానికి అడ్డం రావు.

కుప్పం దగ్గర సంగతి వేరే. అక్కడి నేలలోనే బంగారం ఉంది. చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ ప్రాంతంలోనివే. పక్కనే కర్ణాటకలో కోలారు బంగారు గనులు. అవి 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అందుకే అటు వైపు "మీ ఇంటి కింద బంగారం ఉంది, మా యంత్రం చెప్తుంది" అంటే జనం నమ్మే ప్రమాదం ఎక్కువ. గనిలో బంగారం గడ్డలుగా ఉండదు. టన్ను రాతిని పిండి చేస్తే కొన్ని గ్రాములు వస్తుంది. కంటికి కనపడని ఆ పొడికి చేతి యంత్రం మోగదు. ఇంటి నట్టింట యంత్రం మోగిందంటే పాత మేకో, గొలుసు ముక్కో అయి ఉంటుంది. దాన్ని చూపి పూజలనీ, తవ్వకాలనీ వేలకు వేలు గుంజేవాళ్లు ఉన్నారు. అంజనం వేసేవాడు కాటుకతో చేసే పనిని వీళ్లు బ్యాటరీతో చేస్తారు.

నిజంగానే పాత నాణేల కుండ బయటపడితే? 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాచిన సొత్తు దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి ఇవ్వాలి. దాస్తే వాటా పోతుంది. ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ప్రభుత్వం కాపాడే పాత కోటలు, పాత గుళ్ల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. మీ చేలో మీ కమ్మను వెతకడానికి ఈ చట్టం అడ్డం రాదు. అది నిధి కాదు, మీ సొమ్ము.

ఇతర దేశాల్లో ఇదొక సేవగా సాగుతోంది. కెనడాలో క్రిస్ టర్నర్ అనే ఆయన 2009లో ఉంగరాలు వెతికేవాళ్లను ఒక జట్టుగా చేర్చాడు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ జట్టువాళ్లు ఉన్నారు. పిలిస్తే యంత్రంతో వస్తారు. దొరికితే ఇష్టమైనంత బహుమానం ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో కాకినాడ దగ్గర ఉప్పాడ అనే ఊరు ఉంది. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఆ ఊరి ఒడ్డున ఇసుకలో బంగారు నలుసులు కనిపించాయి. జనం ఎగబడి చేతులతో వెతికారు. సముద్రం మింగేసిన పాత ఇళ్ల బంగారం అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

యంత్రం కొన్ని వేల రూపాయల నుంచి లక్ష దాటిన ధర దాకా ఉంటుంది. ఒక కమ్మ కోసం ఒక ఇల్లు కొనేది కాదు. పొదుపు సంఘాలు కలిసి మండలానికి ఒకటి పెట్టుకుంటే బాడుగకు ఇయ్యొచ్చు. టెంటు సామాన్లు బాడుగకు ఇస్తున్నాము కదా. ఇదీ అంతే.

వెతకడానికి ముందే ఒక మాట అనుకోవాలి. దొరికితే ఎంత ఇస్తారు? దొరక్కపోతే కూలి ఎంత? దొరికిన మనిషికి చట్టంలో హక్కు ఉంది. "తెచ్చి ఇచ్చినవారికి ఇంత ఇస్తాము" అని చాటిన తర్వాత ఇవ్వకపోతే కోర్టులో అడగొచ్చు. 1872 నాటి ఒప్పందాల చట్టం ఆ మాట చెప్తోంది. పక్క సాలు కూలీ మనిషికే కమ్మ దొరికిందనుకోండి. ఆమె దొంగ కాదు, బహుమానానికి హక్కుదారు. అయితే సొంతదారు ఎవరో తెలిసి కూడా దాచుకుంటే అది నేరం. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ దీని గురించే.

నగ మనదే అని చెప్పడానికి గుర్తులు కావాలి. మీ నగను వెలుతురులో పట్టుకుని చూడండి. లోపలి వైపు చిన్న అంకెలు ఉండొచ్చు. 916 అని ఉంటే 22 క్యారట్ల బంగారం. 2023 ఏప్రిల్ 1 నుంచి అంగళ్లలో అమ్మే హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన ముద్ర కూడా ఉండాలి. ఏ రెండు నగలకూ ఆ ముద్ర ఒకటిగా ఉండదు. 2 గ్రాముల కన్నా తక్కువ బరువున్న నగకు ముద్ర తప్పనిసరి కాదు. అలాంటి సన్న నగలకు బరువు, రాళ్ల లెక్క, అతుకులు రాసి పెట్టుకోవాలి. బిల్లు పారేయకండి. అది బీరువాలో చీర మడతల్లో ఉంటే చాలదు, దాంట్లో ఏముందో మీరు చదివి ఉండాలి.

కింద ఉన్నట్టు ఒక కాగితం మీద రాయండి. ఖాళీల్లో మీ నగ వివరాలు నింపండి. నగ పోతే ఇదే కాగితాన్ని ఊళ్లో పదిమందికీ కనపడే చోట అంటించొచ్చు. పోలీసు స్టేషన్లో ఇయ్యొచ్చు.

నగ పేరు: చెవి కమ్మ, ఒకటి.
బరువు: ...... గ్రాములు.
రాళ్లు: ఎర్రవి ......, తెల్లవి .......
ముద్ర: ...........
గుర్తు: వెనక శీల ఒకసారి అతికించినది.
చివరిసారి చూసిన చోటు, తేదీ: ...........
దొరికినవారికి ఇచ్చే బహుమానం: ...... రూపాయలు.
ఎవరి మీదా అనుమానం లేదు.
సంతకం: ...........