ఆ ఫైలు పారేయకు తల్లీ

చి.ల.సౌ. అమ్మలుకి,

బారసాల ఫొటోలు చూశాను. బిడ్డవి అచ్చం మీ తాతయ్య పోలికలే. మొన్న ఫోనులో "బీపీ దిగిపోయింది పెద్దమ్మా, గండం గడిచింది" అన్నావు. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

నా తొలిచూలప్పుడు ఎనిమిదో నెలలో ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సబ్బు నురగ రాసి లాగినా రాలేదు. "నీరు పట్టడం మామూలే" అన్నారంతా. వారం తిరక్కుండానే పగిలిపోయే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. మా అత్తగారు గుర్రపువాతం అన్నారు, డాక్టరమ్మ ప్రీఎక్లాంప్సియా అంది. కాన్పయ్యాక బీపీ దిగింది, నేనూ మరిచిపోయాను. ఇరవై ఏళ్ల తర్వాత ఛాతీ నొప్పితో వెళ్తే, "కాన్పుల్లో బీపీ వచ్చిందా?" అని గుండె డాక్టరు అడిగారు. అప్పటిదాకా ఈ రెంటికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఈ జబ్బులో మాయకు రక్తం చాలనప్పుడు అది తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. అవి ఒళ్లంతా రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. అందుకే గర్భం 20వ వారం దాటాక బీపీ 140/90కి ఎగబాకుతుంది. మాయ పడ్డాక జబ్బు తగ్గినా, నాళాల బలహీనత మిగిలిపోవచ్చు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి మున్ముందు గుండెపోటు, పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు రెండింతలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని ఆడవాళ్ల గుండెజబ్బుకి దారితీసే కారణాల్లో చేర్చింది. రెండింతలన్నానని బెంగపడకు. నీ వయసులో అసలు ముప్పే తక్కువ. దాన్ని అలాగే ఉంచుకోవడం చాలావరకు నీ చేతిలో పనే.

కాన్పయ్యాక ఈ ఆరు వారాల్లో తలనొప్పి, మసకచూపు, ఆయాసం వస్తే బాలింత నలత అని సరిపెట్టుకోక వెంటనే ఆస్పత్రికి వెళ్లు. బీపీ మాత్రలు నీ అంతట నువ్వు మానకు. ఆ తర్వాత ఏటా బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకో. ఊరగాయ తగ్గించు, నడక పెంచు. మళ్లీ నెల తప్పితే మొదటి చెకప్‌లోనే ఈ సంగతి చెప్పు. 12వ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇవ్వాలేమో డాక్టరే చూస్తారు.

డిశ్చార్జి కాగితాలు పాత పేపర్లలో కలిపేయకు. నీ నగల పెట్టెలో దాచు. సంక్రాంతికి వచ్చినప్పుడు ముందు అవే చూపించమంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ