తునికాకు లెక్కల యాప్‌కు అవసరాల పత్రం ఎంత రాయాలి?

సిరోంచ తాలూకాలోని ఒక గ్రామసభ, బీడీలు చుట్టే తునికాకు లెక్కల కోసం ఫోన్ యాప్ అడిగిందనుకుందాం. ఆ తాలూకా ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో చాలా గ్రామసభలు పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), అటవీ హక్కుల చట్టాల అండతో ఆకు తామే సేకరించి అమ్ముకుంటున్నాయి కాబట్టి ఇలాంటి పని రేపు మీకే రావచ్చు. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే అవసరాల పత్రాన్ని రెండు పేజీల్లో ముగించాలా, రెండు వందల పేజీలకు పెంచాలా?

టెంప్లేటు వెతక్కండి. ముందు కోడ్ రాసేవాళ్లు ఎక్కడున్నారో చూడండి. ఆ తాలూకాలోని అంకీసలాంటి ఊళ్లోనే ఉండి, సాయంత్రం ఆకు కట్టలు లెక్కించే కల్లం దగ్గర కూర్చోగలిగే కుర్రాడైతే ఒక్కో అవసరానికి రెండు మూడు వాక్యాలు చాలు. మిగతాది కల్లం చూసుకునే కల్లేదారునే అడుగుతాడు. సాఫ్ట్‌వేర్ నిపుణులు 2001లో వెలువరించిన అజైల్ ప్రకటన కూడా భారీ పత్రాలకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ విలువనిచ్చింది. అసలు పత్రమే వద్దని మాత్రం అనలేదు, బద్ధకస్తులు అలా చదువుకున్నా.

పని హైదరాబాద్ టీముకు వెళ్తే, వాళ్లకు తట్టని ప్రశ్నలకూ పత్రమే జవాబివ్వాలి. కట్టకు ఎన్ని ఆకులు? తెలంగాణలో 50, మహారాష్ట్రలో 70. ప్రోగ్రామరు తనకు తెలిసిన 50నే కోడ్‌లో పెట్టేస్తే వంద కట్టల్లోని 7,000 ఆకులు తెరమీద 5,000 అవుతాయి. అంకెతోపాటు దాన్ని మార్చే అధికారం ఎవరిదో కూడా రాయండి.

పేర్ల సంగతి ఇంకా చిక్కు. ఇంట్లో తెలుగో, మాడియా గోండి భాషో మాట్లాడే మనిషి పేరు సర్కారు కాగితాల్లో మరాఠీలో ఉంటుంది. 'పేరుతో వెతకగలగాలి' అంటే ఏ లిపిలో? బ్యాంకు పాసుపుస్తకంలోని పేరుతో కలవకపోతే డబ్బు ఆపాలా, కల్లేదారును అడగాలా? ఇవి తేల్చకుండా కోడ్ మొదలుపెట్టనివ్వకండి.

పరీక్షించి చూడగలిగేలా రాయండి. 'సిగ్నల్ లేకున్నా పనిచేయాలి' అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారు. 'రోజంతా సిగ్నల్ లేకపోయినా ఒక్క నమోదూ పోకూడదు, సిగ్నల్ అందాక ఏదీ రెండుసార్లు చేరకూడదు' అంటే కల్లం దగ్గరే సరిచూడొచ్చు.

తర్వాత గడువు. ఆకు కోత వేసవిలో కొన్ని వారాలే. అప్పటికి యాప్ సిద్ధం కాకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. కాబట్టి సీజన్‌కు ముందు ఉండితీరాల్సినవాటిని విడిగా రాయండి. నమోదు, చెల్లింపు ముందు. రంగురంగుల గ్రాఫులు వచ్చే ఏడాది. స్థిర ధర టెండరైతే ఇరుపక్షాల సంతకాలు, ఒప్పుకోలు పరీక్షలు కూడా పత్రంలో చేరతాయి.

పొరపాటు జరిగితే ఎంత నష్టమో కూడా పత్రం నిడివిని నిర్ణయిస్తుంది. అలిస్టర్ కాక్‌బర్న్ క్రిస్టల్ అనే తన సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతుల్లో టీము పరిమాణంతోపాటు ఈ నష్టాన్నీ కొలతగా పెట్టాడు. ఆకు లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. అదే ప్రాణహిత గోదావరిలో కలిసే సిరోంచ దగ్గర 2022 జులైలో వచ్చినలాంటి వరదకు హెచ్చరిక పంపే యాప్ అయితే టీము పక్క వీధిలో ఉన్నా నోటిమాట చాలదు. నీటిమట్టం ఎక్కడ కొలుస్తారు, ఎంతకు చేరితే సందేశం వెళ్లాలి, ఏ భాషల్లో, సందేశం చేరకపోతే ఊళ్లోకి ఎవరు వెళ్లాలి — ప్రతిదీ కాగితం మీద ఉండాలి.

చివరగా పత్రాన్ని గ్రామసభలో తెలుగులో చదివి వినిపించండి. అభ్యంతరాలను అక్కడే రాసుకోండి. జవాబు దొరకనివాటిని 'ఇంకా తేలనివి' అనే శీర్షిక కింద పెట్టి, ఎవరు తేల్చాలో, ఏ తేదీలోగా తేల్చాలో పక్కన రాయండి.