తొలి తుపాకుల కాలనిర్ణయం

మధ్యయుగపు తొలి తుపాకిని చూసినవారు దానిని తుపాకిగా వెంటనే పోల్చుకోలేరు. దానికి మీట లేదు. గురి చూసే ఏర్పాటూ లేదు. జానకు ఎక్కువ, మూరకు తక్కువ అయిన కంచు గొట్టం మాత్రమే కనిపిస్తుంది. గొట్టం వెనుకభాగంలో మందు దట్టించే అర ఉబ్బెత్తుగా ఉంటుంది. పేలుడు ధాటికి పగలకుండా దాని గోడలను మందంగా పోతపోసేవారు. ఆ గోడలో నిప్పు అందించే సన్నని రంధ్రం, చివర కర్రపిడి తొడిగే బోలు భాగం ఉంటాయి. చేతి తుపాకిని గుర్తించడానికి ఇవే ప్రధాన లక్షణాలు.

గుర్తించడం కంటె కాలాన్ని నిర్ణయించడం కష్టం. కర్బన పరీక్ష ఒకప్పుడు జీవమున్న పదార్థాలకే వర్తిస్తుంది, కంచుకు వర్తించదు. ఆకారాన్ని బట్టి చెప్పడమూ ప్రమాదమే. కొత్త పద్ధతి వచ్చినంత మాత్రాన పాతది మరునాడే అంతరించదు గదా! కనుక వస్తువుపైనున్న లేఖనమో, అది దొరికిన చోటో సాక్ష్యం పలకాలి.

ఐరోపావారిని సూచించే 'ఫరంగీ' అనే పారసీక పదం నుండి మన 'ఫిరంగి' వచ్చింది. కాని మిగిలియున్న తుపాకులలో మిక్కిలి ప్రాచీనమైనవి చైనావి. కుబ్లాయ్ ఖాన్ వేసవి రాజధాని షాంగ్‌డూ శిథిలాలలో లభించిన తుపాకిపై 1298వ సంవత్సరానికి సరిపోయే లేఖనం ఉంది. వరుస సంఖ్య కూడా చెక్కియుండుటచే, అప్పటికే తుపాకుల తయారీ ఒక క్రమపద్ధతిలో సాగుతున్నదని ఊహింపవచ్చును.

1970లో హైలాంగ్‌జియాంగ్ ప్రాంతంలో దొరికిన మరొక తుపాకి పొడవు 34 సెంటీమీటర్లు, బరువు సుమారు మూడున్నర కిలోలు. దానిపై ఒక్క అక్షరమూ లేదు. అయినను 1287-88లో నయన్ అనే మంగోలు రాజకుమారుని తిరుగుబాటును అణచిన యుద్ధాలు ఆ ప్రాంతంలోనే జరిగాయి. ఆ పోరాటంలో సైనికులు తుపాకులు ప్రయోగించినట్లు యువాన్ వంశ చరిత్ర చెబుతున్నది. అందుచేత దానిని 1288 నాటికే ఉన్నదిగా భావిస్తున్నారు. ఇది బలమైన అనుమానమే, లేఖనానికి సాటిరాదు.

జర్మనీలోని టానెన్‌బర్గ్ కోట విషయం వేరు. ఆ కోట 1399లో ధ్వంసమైంది. 1849లో శిథిలాలను త్రవ్వగా కంచు తుపాకి బయటపడింది. అది 1399 తరువాత చేసినది కాదని దీనివలన తేలుతున్నది. ఎంత ముందు చేసినదో మాత్రం తేలదు. అదే తుపాకిని ఎవరో రహస్యంగా త్రవ్వి అంగడిలో అమ్మియుంటే, ఈపాటి హద్దు కూడా దొరికేది కాదు.