ఇంట్లో వ్యాపారం: అమెరికాలో నగరం ఎంతవరకు అడ్డుకోగలదు?

అమెరికాలో ఎక్కడ ఇళ్లు ఉండాలి, ఎక్కడ దుకాణాలు, ఫ్యాక్టరీలు పెట్టుకోవచ్చు అన్నది నగరాలు, కౌంటీలు చేసే జోనింగ్ నిబంధనలను బట్టి ఉంటుంది. ఒహాయోలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి నిబంధనలు చెల్లుతాయని 1926లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక ఈ పద్ధతి దేశమంతటా పాతుకుపోయింది. కాపురాల మధ్యకి పొగ, రొద, లారీలు రాకుండా చూడటం దాని ఉద్దేశం. కానీ చాలాచోట్ల అదే నిబంధన ఎవరికీ ఇబ్బంది కలిగించని పనికి కూడా అడ్డుపడింది. టెనెసీలోని నాష్‌విల్‌లో ఇంట్లో పని చేసుకునేవారి దగ్గరికి కస్టమర్లు రావడమే నిషేధంగా ఉండేది. ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియో నడిపే ఒకాయన, జుట్టు కత్తిరించే ఒకావిడ 2017లో కోర్టుకెక్కారు. 2020లో నగరం రోజుకు ఆరుగురు కస్టమర్ల వరకు అనుమతించింది. అంతమాత్రాన వివాదం ముగిసిపోలేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

నగరానికి ఉన్న అధికారం సొంతంగా పుట్టింది కాదు, రాష్ట్రం ఇచ్చినదే. కాబట్టి రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ అధికారానికి హద్దు గీయగలదు. ఇటీవల కొన్ని రాష్ట్రాలు ఆ పనే చేశాయి.

ఫ్లోరిడాలో 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం వీటిలో బలమైనది. ఇంట్లో నడిచే వ్యాపారాన్ని మిగతా వ్యాపారాలకంటే వేరుగా చూసి నిషేధించడానికి, ఆంక్షలు పెట్టడానికి అక్కడి నగరాలకు, కౌంటీలకు వీల్లేదు. అయితే ఆ రక్షణ కావాలంటే ఇల్లు ముందు ఇల్లుగానే ఉండాలి, వ్యాపారం రెండోది కావాలి. ఆ ఇంట్లో ఉండనివాళ్లు ఇద్దరికి మించి అక్కడ పని చేయకూడదు. వీధిలోంచి చూస్తే చుట్టుపక్కల ఇళ్లలాగే కనిపించాలి. పార్కింగ్ కూడా మామూలు కుటుంబానికి కావలసినంతలోనే సరిపోవాలి. శబ్దం, వాసన, పొగ విషయంలో నగరం నిబంధనలు పెట్టవచ్చు, కానీ అవి వ్యాపారం లేని ఇంటికి వర్తించేవాటికంటే కఠినంగా ఉండకూడదు. నగరం హద్దు మీరితే యజమాని కోర్టుకు వెళ్లవచ్చు, గెలిచిన పక్షం లాయరు ఖర్చులు రాబట్టుకోవచ్చు. చిన్న వ్యాపారికి ఈ చివరి అంశమే అసలు ఊతం. ఖర్చుకు భయపడి ఊరుకునే మనిషికి ఎంత మంచి హక్కు ఉన్నా అది కాగితం మీదే మిగులుతుంది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో ఇలాంటి చట్టం 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. వీధిలోంచి కనిపించకుండా, రోడ్డు మీద పార్కింగ్ పెంచకుండా, రాకపోకలు, శబ్దం చెప్పుకోదగ్గంతగా పెరగకుండా నడిచే వ్యాపారానికి నగరం పర్మిట్ అడగకూడదు, ఇంటి స్థలాన్ని వాణిజ్య జోన్‌కు మార్పించుకోమనకూడదు. ఇంట్లో కూచిపూడి, సంగీతం, లెక్కలు నేర్పేవాళ్లు కూడా ఈ షరతులను చూసుకోవాలి. పాఠం వేళకు పది కార్లు వీధిలో బారులు తీరితే రక్షణ పోయే ప్రమాదం ఉంది.

ఇంటి వంటకు అక్కడ వేరే చట్టం ఉంది. ఇంట్లో తయారుచేసి అమ్మడాన్ని జోనింగ్ పేరుతో నగరం నిషేధించలేదు. అలాగని ఏదైనా అమ్ముకోవచ్చని కాదు. పుల్లదనం తగినంత ఉన్న కూరగాయల పచ్చళ్లకు అవకాశం ఉంది గాని కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి ఈ చట్టం కిందికి రావు. పిల్లల సంరక్షణ విషయంలో కాలిఫోర్నియా మరో అడుగు వేసింది. లైసెన్సు ఉన్న ఇంటి డేకేర్‌ను, పద్నాలుగు మంది వరకు పిల్లలుండే పెద్దదైనా సరే, నగరాలు నివాసంగానే పరిగణించాలని అక్కడ 2020 నుంచి నియమం.

ఈ చట్టాలు ఎవరికి కళ్లెం వేస్తాయో గుర్తించడం ముఖ్యం. చాలావరకు నగరానికీ కౌంటీకీ మాత్రమే. కాలనీ ఇళ్లవాళ్ల సంఘం, అంటే హెచ్‌ఓఏ, ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టించుకున్న షరతులు వేరే ఒప్పందం. ఫ్లోరిడా చట్టమైతే వాటి జోలికి పోనని స్పష్టంగా చెప్పింది. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి కావలసి రావచ్చు. వృత్తి లైసెన్సులు, అమ్మకపు పన్ను ఎలాగూ ఉంటాయి. వలస వచ్చినవారికి అన్నిటికంటే పెద్ద చిక్కు వీసా. జోనింగ్ ఒప్పుకున్నంత మాత్రాన పని చేసే అనుమతి వచ్చినట్టు కాదు. ఉద్యోగి మీద ఆధారపడి వచ్చే హెచ్-4 వీసాలో ఉండి, పని అనుమతి కార్డు లేని భార్య లేదా భర్త ఇంట్లోంచి టిఫిన్లు అమ్మి డబ్బు తీసుకున్నా, అది వీసా నిబంధనల ఉల్లంఘన కావచ్చు.

నగరం నుంచి నోటీసు వస్తే అది ఏ సెక్షన్ కింద వచ్చిందో రాతపూర్వకంగా అడగాలి. ఆ సెక్షన్‌ను రాష్ట్ర చట్టంతో పోల్చి చూడాలి. ఇంటి ముందు పార్కింగ్ ఎలా ఉంటుందో ఫొటోలు, కస్టమర్లు వచ్చే వేళల పట్టిక దగ్గర పెట్టుకోవాలి. అప్పీలుకు గడువు చాలాచోట్ల కొద్ది రోజులే కనుక నోటీసు అందిన రోజే తేదీ రాసుకుని ఆ వారంలోనే లాయరును కలవడం మేలు.