తలనొప్పి మాత్ర వేసుకుంటున్నావా అక్కా?

చిన్నరసం మామిడికాయలు కోతకొచ్చాయంటే నూజివీడు చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఊపిరి తిప్పుకునే తీరికుండదు. చీకటితో తోటకెళ్ళాలి. తొడిమ తుంచి, సొన కారాక కాయ తుడిచి, గ్రేడు చేసి పెట్టెల్లో సర్దాలి. టిఫిను ఏ పదింటికో. మధ్యాహ్నానికి ఒకపక్క కణత పగిలిపోతుంది, వెలుతురు చూడలేం, కడుపులో తిప్పుతుంది. మైగ్రేన్ మగవాళ్ళకంటే మనకి దాదాపు మూడింతలు ఎక్కువ. ఆకలి, ఎండ, నిద్రలేమి దాన్ని ఇంకా రేపుతాయి.

మాటిమాటికీ వస్తుంటే డాక్టర్లు రోజూ వేసుకునే నివారణ మాత్ర రాస్తారు. వేసుకో, మంచిదే. నొప్పి బిళ్ళలు నెలలో 10, 15 రోజులు మింగితే అవే తలనొప్పి తెచ్చిపెడతాయి. కానీ చీటీ మీద ఏ మందు రాశారో చూశావా?

ప్రొప్రానొలాల్ అయితే ఎముకల గురించి బెంగ అక్కర్లేదు. ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పు. టోపిరమేట్ సంగతి వేరు. దానివల్ల మూత్రంలో బైకార్బొనేట్ పోయి రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. దాన్ని సరిచేయడానికి ఒళ్ళు ఎముకల్లోని ఖనిజాన్ని తీస్తుంది, ఇంటి అవసరానికి బీరువాలో బంగారం తీసినట్టు. అందరికీ ఇలా జరగదు. కానీ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు, నెలసరి ఆగి ఎముక ఎలాగూ పలచబడుతున్నవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. వాల్‌ప్రొయేట్ కూడా ఎముకల్ని బలహీనపరచొచ్చు. పైగా ఈ రెండూ కడుపులో బిడ్డకి కీడు చేసే మందులు. తోటికోడలి చీటీ చూపించి మందు తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో చూడు!

ఇంకోటి, టోపిరమేట్‌తో కొందరికి చెమట తగ్గి ఒళ్ళు వేడెక్కుతుంది. మే నెల ఎండలో తోటపని చేసేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. కిడ్నీలో రాళ్ళూ రావొచ్చు, నీళ్ళు బాగా తాగు.

ఈసారి వెళ్ళినప్పుడు బైకార్బొనేట్, విటమిన్ డి పరీక్షలు అడుగు. నిండు చేతుల చొక్కా, తలకి తువ్వాలు, పైన చెట్టు నీడ: రోజంతా తోటలో ఉన్నా మన ఒంటికి ఎండ తగిలేదెంత? చిన్నగా జారిపడితేనే మణికట్టు విరిగిన చరిత్ర ఉంటే ఎముక బలం చూసే డెక్సా స్కాన్ సంగతీ అడుగు. మనకి రోజుకి కనీసం 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు ఎటూ ఉన్నాయి.

ఇదంతా విని ఈ రాత్రే మాత్ర ఆపేయకు అక్కా, నామీద ఒట్టు. ఈ మందులు ఉన్నట్టుండి మానకూడదు. తగ్గించినా, మార్చినా రాసిన డాక్టరు చేతే, మెల్లగా.