గాలికి తూకపురాళ్ళు

గుడియాత్తం అంగడిలో తూకపురాయిపై ముద్ర లేకుంటే కొనేవారు సందేహిస్తారు. రాయి అరిగిపోతే ఎంత నిజాయితీగా తూచినా లెక్క తప్పుతుంది. వాతావరణంలోని కార్బన్ డయాక్సైడును, అనగా పాత పాఠ్యపుస్తకాల బొగ్గుపులుసు వాయువును, కొలిచే యంత్రాలకు కూడా ఇటువంటి రాళ్ళు అవసరం. అల్యూమినియం సిలిండర్లలో నింపిన పొడి గాలియే ఆ రాయి. అందులో ఏ వాయువు ఎంత ఉన్నదో ముందే నిర్ణయించి ఉంటుంది కనుక దానిని ప్రమాణ వాయువు అంటారు.

నేటి యంత్రాలు గాలిలోకి లేజరు కాంతిని పంపి, ఆ వాయువు ఎంత కాంతిని పీల్చుకున్నదో చూస్తాయి. కాలం గడిచేకొద్దీ వాటి లెక్క కొద్దికొద్దిగా జరుగుతుంది. అందువల్ల వేర్వేరు మోతాదులు గల ప్రమాణ వాయువులను నియమిత కాలాలలో పంపి, చూపిన అంకెను అసలు అంకెతో సరిచూస్తారు. దీనినే క్రమాంకనం అంటారు. సరిదిద్దే లెక్కలో చేర్చని మరొక సిలిండరును సాక్షిగా ఉంచుతారు. అది కూడా సరిగా పలికితేనే ఆనాటి కొలత నమ్మదగినది.

ఈ ముద్రకు మూలం అమెరికాలోని బౌల్డరు నగరంలో నోవా సంస్థ ప్రయోగశాల. అక్కడ గాలి నుండి కార్బన్ డయాక్సైడును వేరుచేసి, తెలిసిన ఘనపరిమాణం గల పాత్రలో దాని పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలుస్తారు. ఆ పరికరంలోని రబ్బరు వంటి వలయాలు కొంత వాయువును పీల్చుకుంటున్నాయని తేలడం కొత్త ప్రమాణానికి ఒక కారణం. 2021లో అది అమలులోకి వచ్చినప్పుడు 400 పీపీఎం వద్ద విలువ సుమారు 0.18 పెరిగింది. పీపీఎం అంటే పది లక్షల భాగాలలో ఒక భాగం. ఇంత స్వల్ప భేదానికి పాత లెక్కలన్నీ ఎందుకు తిరగరాయాలి? ప్రపంచ వాతావరణ సంస్థ ఉత్తరార్ధగోళపు కేంద్రాల మధ్య 0.1 పీపీఎంకు మించి తేడా ఉండరాదని కోరుతున్నది. ఏడాది పెరుగుదలయే సుమారు రెండున్నర పీపీఎం. రాయి తప్పితే ఏ అడవి ఎంత పీల్చినదో, ఏ నగరం ఎంత వదిలినదో చెప్పలేము.

మనకు సమీపంలోని ఉదాహరణ పుదుచ్చేరి. అక్కడి తీరంలోను, లడఖ్‌లోని హాన్లేలోను, పోర్ట్ బ్లెయిర్‌లోను గాజు సీసాలలో పట్టిన గాలిని ఫ్రాన్సులోని ప్రయోగశాలకు పంపి పరీక్షించారు. 2007 నుండి 2011 వరకు గల ఆ కొలతలను 2015లో ప్రకటించారు. మూడు చోట్ల గాలిని ఒకే ప్రమాణంతో తూచినందువల్లనే వాటిని పోల్చడం సాధ్యమైనది.

ఉక్కపోత కాలంలో మరొక చిక్కు. గాలిలో నీటి ఆవిరి మూడు శాతం ఉంటే, 400 ఉండవలసిన చోట 388 మాత్రమే కనిపిస్తుంది. కనుక గాలిని ఎండబెట్టి కొలవాలి, లేదా ఆవిరిని లెక్కగట్టి సరిచేయాలి. సిలిండరును చివరిదాకా వాడడమూ తగదు. పీడనం తగ్గేకొద్దీ లోపలి గోడలకు అంటుకున్న వాయువు విడివడి, అంకె పెరుగుతుంది.

వేలూరులోని తరగతి గదికో కార్యాలయానికో చిన్న మీటరు కొనేవారికి కూడా ఇది వర్తిస్తుంది. వాటిలో అనేకం కొన్ని రోజులలో నమోదైన అతి తక్కువ అంకెను బయటి గాలిగా, సుమారు 400గా, తామే భావించుకొని సరిదిద్దుకుంటాయి. రాత్రింబగళ్ళు తలుపులు మూసిన ఏసీ గదిలో ఆ భావన తప్పు; గాలి చెడినా మీటరు తక్కువే చూపుతుంది. హవాయిలోని మౌనా లోవాలో 2024 సగటు 424.6 పీపీఎం. మీటరును ఆరుబయట, రద్దీ వీధికి దూరంగా, గాలి వీచే మధ్యాహ్నవేళ కొంతసేపు ఉంచితే దాని అంకె ఇంచుమించు ఆ దరిదాపులలో ఉండాలి. ఆ సమయంలో ముఖం దగ్గర పెట్టుకొని చూడరాదు: మనిషి నిశ్వాసంలో సుమారు 40,000 పీపీఎం ఉంటుంది.