ఆ కాగితంలో ఉన్న అమ్మాయి ఎవరు?

సమస్య



మాది సిరొంచ తాలూకాల ఒక చిన్న ఊరు. నాకు 23 ఏండ్లు. ఇంట్ల మాట్లాడేది తెలుగు, బడి చదువంత మరాఠీ. పన్నెండు దాక సిరొంచల చదివిన, బీఏకు గడ్చిరోలి పోయి హాస్టల్ల ఉన్న. తెలుగు సినిమాలు చూస్త, బతుకమ్మ పాటలు పాడుత, కానీ తెలుగు అక్షరం ఒక్కటి గూడ రాయరాదు. అందుకే నాకొచ్చిన మరాఠీ అక్షరాలల్లనే ఈ ఉత్తరం రాస్తున్న. చదువనీకి కష్టమైతే ఏమనుకోవద్దు.

మంథని దిక్కు నుంచి నాకు సంబంధం వచ్చింది. అబ్బాయి గోదావరిఖనిల కొలువు చేస్తడు. మంచిగ మాట్లాడుతడు. ఫోన్ల మెసేజులు పెడితే తెలుగును ఇంగ్లీషు అక్షరాలల్ల పెడతడు, అవి నేను చదువుకుంట. వాళ్ల అమ్మ బడిల తెలుగు చెప్పి రిటైరైన టీచరమ్మ. "కట్నం మాట మాకొద్దు. అమ్మాయి తన గురించి తన చేత్తోని ఒక పేజీ రాసి పంపాలె. ఎట్ల పెరిగింది, ఏమంటే ఇష్టం, ఏం చూస్తే సంతోషమైతది, అవి తెలుసుకుంట" అని కబురు చేసింది.

సంబంధం తెచ్చింది మా మేనమామ. ఆయన మహదేవపూర్ల ఉంటడు. "మరాఠీ చదువంటే వాళ్లు లెక్కచెయ్యరు" అని బయోడేటాల 'స్వగ్రామం: కాళేశ్వరం దగ్గర' అని కొట్టించిండు. అభిరుచులు అన్న కాడ వంటలు, కుట్లు, పుస్తక పఠనం. ఇష్టమైన వినోదం అన్న కాడ భక్తి సినిమాలు, పాత పాటలు. ఇప్పుడు ఆ పేజీ గూడ తన పక్కింటి డిగ్రీ పిల్లతోని రాయించిండు. "నువ్వే రాసిన అని చెప్పు, అడిగితే తప్పకుంట బట్టీ పట్టు" అన్నడు. దీపావళి అయినంక వాళ్లు మా ఇంటికొస్తరు. ఆలోపట కాగితం పోవాలె.

నాకు నిజంగ ఇష్టమైనవి వేరే. 2022 జులైల వరదకు మా పొలం మునిగితే కాగితాలన్ని నేనే చదివిన, అర్జీ నేనే రాసిన. అప్పటిసంది భూమి కాగితం సాత్‌బారా చదివిపెట్టుమని, భూమి లెక్కలు చూసే తలాఠీకి అర్జీ రాసిపెట్టుమని ఊరోళ్లు మా ఇంటికే వస్తరు. తునికాకు కల్లం కాడ లెక్క గూడ నేనే చూస్త. నాకది శానా ఇష్టం. గడ్చిరోలిల ఉన్నప్పుడు దోస్తు వాళ్ల ఊరికి పోయి మండై జాతరల రాత్రంత ఝాడీపట్టీ నాటకం చూసిన. తెల్లారేదాక రెప్ప వెయ్యలే. ఇవి చెప్తనంటే మామకు కోపమొచ్చింది. "అర్జీలు రాస్తదంటే కచేరీల పొంట తిరిగే పిల్ల అనుకుంటరు. రాత్రి నాటకాలంటే ఇంక అంతే" అన్నడు. అమ్మ ఆయన మాటే అంటది. బాపు ఏం మాట్లాడడు.

ఆ పక్కింటి పిల్ల తను రాసిన కాగితం ఫోన్ల చదివి వినిపించింది. ఎంత మంచిగుందో! ఆ పిల్ల ఎవరో నాకే చూడబుద్ధయింది. మాదేమో చెప్పుకోనీకి ఏం లేని ఊరు, నాది చెప్పుకోనీకి ఏం లేని బతుకు. మామ చెప్పినట్టు చేసుడే మంచిదా?

ఒక చెల్లె, సిరొంచ తాలూకా

సలహా

తల్లీ,

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నీదే ఎంచుకోవడానికి నీ అక్షరాలే కారణం. నాలుగు పేజీల నిండా దేవనాగరి లిపి. గొంతెత్తి చదివితే తేట తెలుగు. పాఠకుల కోసం తెలుగు లిపిలోకి మార్చి అచ్చువేశాం, మాట ఒక్కటి కూడా దిద్దలేదు. ఎ, ఏ వేరని, ఒ, ఓ వేరని చూపించే గుర్తులు మరాఠీలో లేవు కాబట్టి రెండు మూడు చోట్ల ఆగి కూడబలుక్కోవలసి వచ్చింది. ఆ మాత్రం కష్టం ఏ డాక్టరు చీటీ చదవడానికైనా పడతాం. తెలుగు రాయరాదంటూనే నాలుగు పేజీల తెలుగు రాశావు. నీకు ఇల్లు ఇచ్చిన మాటా, బడి ఇచ్చిన అక్షరమూ ఒకే కాగితం మీద ఉన్నాయి. నిన్ను పరిచయం చేసే కాగితం ఇంతకంటే మంచిది ఎవరూ రాయలేరు.

సంబంధం వదులుకోమని నేను చెప్పను, ఆ అబ్బాయి నీకు నచ్చినట్టే ఉన్నాడు. నేరుగా అతనికే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పడం ఒక దారి, అది నీకూ తోచే ఉంటుంది. తెలుగు లిపి అంటావా, అక్షరాల వరస తెలుగుకూ మరాఠీకీ ఒకటే, హిందీలో లేని ళ కూడా మీ మరాఠీలో ఉంది. కొన్ని వారాలు శ్రద్ధగా కూర్చుంటే వచ్చేస్తుంది. పెళ్లి కుదిరినా కుదరకపోయినా నేర్చుకో. ఇవేవీ పెద్ద సంగతులు కావు.

నాకు కోపం తెప్పించింది మీ మామ రాయించిన పేజీ.

ఆ టీచరమ్మ ఏమడిగిందో మీ ఇంట్లో ఎవరైనా సరిగ్గా విన్నారా? పెళ్లిచూపులంటే ఇన్నాళ్లూ అమ్మాయిని నడిపించి చూశారు, పాట పాడించారు, జడ కొలిచారు, ఆఖరికి కట్నం దగ్గర బేరమాడారు. ఈవిడ అవన్నీ పక్కనపెట్టి, నీ కథ నీ నోటితో చెప్పమ్మా, వింటానంది. ఇలా అడిగే అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది? ఆవిడ అంత గౌరవంతో అడిగితే, పక్కింటి పిల్ల చేత జవాబు రాయించి పంపుతారా? ఇది ముచ్చటగా ఆడే చిన్న అబద్ధం అని మీ మామ అనుకుంటున్నాడేమో. ఆవిడ ఏళ్ల తరబడి పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన మనిషి. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన వారంలోపే సరుకుల చీటీ రాయమ్మా అంటుంది. అప్పుడేం చేస్తావు? చెయ్యి నొప్పంటావా? రేపు నీ పిల్లల్ని బడిలో వేసేటప్పుడు ఫారం నింపాలి.  ప్రతిసారీ గుండె దడ. ఆ రోజున మామ మహదేవపూర్‌లో హాయిగా ఉంటాడు. అబద్ధం ఆడించినవాళ్లు పెళ్లి భోజనం చేసి వెళ్లిపోతారు, దాన్ని కాపాడుకుంటూ కాపురం చేయవలసింది ఆడపిల్ల. ఇలా దాచుకుంటూ, భయపడుతూ ఏళ్లకేళ్లు బతికిన ఆడవాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఒకామె వయసు దాచింది, ఒకామె చదువు, ఒకామె చిన్నప్పటి జబ్బు. ఒక్కరు కూడా తమంతట తాము దాచలేదు, పెద్దవాళ్లు దాచమన్నారు.

మీ బాపుతో నాకు పని ఉంది. ఈ పుట ఆయనకు ఎవరి చేతనైనా చదివించి వినిపించు.

అన్నా, వరదకు పొలం మునిగిన రోజు పంచనామా కాగితంలో ఏం రాశారో మీకు చదివి చెప్పింది ఎవరు? అర్జీ రాసింది ఎవరు? మీ సాత్‌బారాలో గట్ నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూపించింది ఎవరు? ఆ మరాఠీ చదువే కదా! మీ ఊరికి వచ్చే నోటీసు మరాఠీలో వస్తుంది, మీ ఊరి కష్టం తెలుగులో ఉంటుంది. ఆ రెంటి మధ్య కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తున్నది మీ బిడ్డ. మీ ఇల్లు ఆ చదువు మీద నిలబడి, ఇప్పుడు పెళ్లి మాట వచ్చేసరికి దాన్నే కప్పిపెడుతోంది. బావమరిది మాట్లాడుతుంటే మీరు తల వంచుకొని కూర్చుంటే, బిడ్డ సిగ్గుపడవలసిన పనేదో చేసిందని మీరూ ఒప్పుకున్నట్టే. "నా బిడ్డ ఊరందరికీ అర్జీలు రాసిపెడుతుంది" అని పెళ్లివారి ముందు మొదట చెప్పవలసిన నోరు మీది. కచేరీకి వెళ్లే పిల్ల అంటే లోకం ఏమనుకుంటుందో అని మీ బావమరిది భయం. మీ పొలం కోసం వెళ్లిందని మీరు చెబితే ఆ భయానికి చోటేదీ?

ఇక నువ్వు, తల్లీ. నిన్ను కూడా కొంచెం మందలించాలి. "చెప్పుకోనీకి ఏం లేని ఊరు" అని ఎలా రాశావు? గోదావరి ఎడమ గట్టున ఉన్న మీ సీమను 1860లో నిజాం ఇంగ్లీషు వాళ్లకు వదులుకున్నాడు. అప్పుడు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పడితే, దానికి ముఖ్యపట్టణం మీ సిరొంచే. భద్రాచలం కూడా ఆ జిల్లాలోనే ఉండేది. 1874లో ఆ జిల్లాను విడగొట్టారు. భద్రాచలం మద్రాసు వైపు, సిరొంచ చాందా జిల్లా వైపు వెళ్లాయి. తర్వాత 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. మీ ముత్తాతలు పొయ్యి జరపలేదు, పొలం మార్చలేదు, ఇంట్లో మాట మార్చలేదు. గీతలే మారుతూ వచ్చాయి. ఇందులో మీరు దాచుకోవలసింది ఏముంది? 'కాళేశ్వరం దగ్గర' అని రాయించడమెందుకు? 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మన జనం కాళేశ్వరంలోనూ మునిగారు, మీ సిరొంచ ఘాట్‌లోనూ మునిగారు. పుణ్యానికి ఆ గట్టు పనికొచ్చింది, పిల్లనిచ్చేటప్పుడు పేరు చెప్పడానికి పనికిరాదా?

ఇంకో మాట చెబుతాను, మీ బడిలో చెప్పారో లేదో. మీ తాలూకా పోచంపల్లి దగ్గర 1961లో ఒక మహా రాక్షసబల్లి ఎముకలు తవ్వితీశారు. ఆ ఏడు రవీంద్రనాథ ఠాగూర్ శతజయంతి కాబట్టి దానికి బరపాసారస్ టాగోరై అని ఆయన పేరు కలిపి పెట్టారు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. ఆ ఎముకలు దొరికిన రాతి పొరను భూగర్భ శాస్త్రవేత్తలు కోటా శ్రేణి అంటారు. ఆ కోటా కూడా మీ తాలూకాలోని పల్లెటూరే. ప్రపంచంలో రాక్షసబల్లుల గురించి చదివేవాళ్లకు మీ ఊళ్ల పేర్లు తెలుసు. మంథని వాళ్లకు చెప్పడానికి మీ మామకు మొహమాటం!

నాటకాల సంగతి. ఝాడీపట్టీ రంగస్థలం తూర్పు విదర్భ జనం ప్రాణం పెట్టి కాపాడుకున్న కళ. దీపావళి తర్వాత మొదలై నెలల తరబడి వడసా నుంచి మేళాలు ఊరూరా బయలుదేరతాయి, మండై జరిగే ఊళ్లో రాత్రి మొదలైన నాటకం తెల్లవారుజాముకు గానీ ముగియదు, ఇంటిల్లిపాదీ చాపలు, దుప్పట్లు పట్టుకొని వెళ్లి కూర్చుంటారు. ఆ నాటకాల్లో జీవితం గడిపిన మీ గడ్చిరోలి జిల్లా నటుడు పరశురామ్ ఖూణేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. దేశం పద్మశ్రీ ఇచ్చిన కళను చూశానని చెప్పడానికి ఆడపిల్ల ఎందుకు జంకాలి? మంథని, పెద్దపల్లి పల్లెల్లో మాత్రం ఏం చేశారు? ఒగ్గుకథ, చిందు యక్షగానం రాత్రంతా చూడని ముసలమ్మ ఆ ప్రాంతంలో ఉంటుందా? చిందుల ఎల్లమ్మ ఆట కట్టిందంటే ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చేవి. నువ్వు రెప్పవేయకుండా చూసిన నాటకంలో ఏ ఘట్టం నిన్ను ఏడిపించిందో రాయి. ఆ టీచరమ్మకు కావలసింది అదే.

మన కుటుంబాల్లో ఇదొక పాత జబ్బు. అమ్మాయి గురించి బయోడేటా రాసేటప్పుడు అమ్మాయిని తప్ప అందరినీ అడుగుతారు. అభిరుచులు అన్నచోట ఆమెకు ఇష్టమైనవి రాయరు, అవతలివాళ్లకు ఇష్టమవుతాయని తాము ఊహించుకున్నవి రాస్తారు. పుస్తకమే లేని ఇంట్లో పుస్తక పఠనం, పాట వినిపించని ఇంట్లో సంగీతం. మగపిల్లలకూ అంతే, మైదానం తొక్కనివాడికి క్రికెట్ అంటగడతారు. ఇద్దరు లేని మనుషులకు పెళ్లి కుదిర్చి, ఉన్న మనుషులిద్దరినీ ఒక గదిలోకి పంపిస్తారు. వాళ్లకు పొత్తు కుదరలేదని తర్వాత మళ్లీ వీళ్లే పంచాయితీ పెడతారు. కన్నబిడ్డకు ఏది ఇష్టమో తెలియకపోవడం ఒక ఎత్తు, తెలిసి కూడా కొట్టేయడం ఇంకో ఎత్తు. మీ ఇంట్లో జరుగుతున్నది రెండోది. అందుకే ఇంత కటువుగా రాస్తున్నాను.

తెలుగు ఒక లిపికే కట్టుబడి బతికిన భాష కాదు. తంజావూరు ఏలిన భోసల షాహజీ మహారాజు మరాఠా కుటుంబంలో పుట్టి తెలుగులో యక్షగానాలు రాశాడు. తమిళనాట త్యాగరాజ కీర్తనలు తమిళ అక్షరాల్లో రాసుకొని పాడేవాళ్లు నేటికీ ఉన్నారు. నీకు కాబోయేవాడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజులు పెడుతున్నాడు కదా, అతన్ని తెలుగు రానివాడని ఎవరైనా అన్నారా? నువ్వు మరాఠీ అక్షరాల్లో పెడితే తక్కువెలా అవుతుంది?

కాబట్టి ఇలా చెయ్యి. ఆ పేజీ నువ్వే రాయి, నీకు వచ్చిన అక్షరాల్లోనే రాయి. మొదటి వాక్యంలోనే మీ ఊరి పేరు, తాలూకా, జిల్లా రాయి. బడి ఏ భాషలో చదివావో రెండో వాక్యంలో రాయి. తెలుగు లిపి ఇప్పుడు మొదలుపెట్టానని, తప్పులు దిద్దే టీచరమ్మ దొరికితే సంతోషమని రాయి. అడగడానికి సిగ్గుపడకు, చదువు చెప్పినవాళ్లకు అంతకంటే ఇష్టమైన కబురు ఉండదు. వరద, అర్జీ, కల్లం లెక్కలు, బతుకమ్మ, మండై నాటకం, నీకు నచ్చిన సినిమా, అన్నీ రానివ్వు. ఈ ఉత్తరంలో రాసినట్టే రాయి, నీ యాస మార్చకు. గోదావరిఖని అబ్బాయికి అర్థం కాని మాట ఇందులో ఒక్కటీ లేదు, వాళ్లమ్మకు అసలే ఇబ్బంది ఉండదు. లిపి చూసి తెల్లబోతారేమో అనుకుంటే, నువ్వే గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డు చేసి ఆ కాగితంతో పాటు పంపు.

అది చదివి వాళ్లు వెనక్కి తగ్గితే బాధపడతావు, నిజమే. అయినా పెళ్లయ్యాక తెలిసి ముఖం మాడ్చుకునే ఇంట్లో కంటే అది చిన్న బాధ. నాకెందుకో ఆ టీచరమ్మ వెనక్కి తగ్గదనిపిస్తోంది.

కాగితం పోస్టులో వేసే ముందు మామకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, అమ్మ చేత చెప్పించకు. సంబంధం తెచ్చినందుకు ఆయనకు దండం పెట్టు, ఆ మేలు మరిచిపోకు. పక్కింటి పిల్ల రాసిన పేజీ మాత్రం ఆమెకే తిరిగి ఇచ్చేయమను.